బండి కింద నూనె మరక

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇదివరకు ఈ కార్యక్రమంలో నేను సకినాల పిండి గురించి, పాత చీరెలతో బొంతలు కుట్టడం గురించి మాట్లాడాను. ఈసారి కారు ఇంజనులోనుంచి ఆయిల్ కారుతుంటే ఆ కారే చోటును ఎట్లా పట్టుకోవాలో చెప్పబోతున్నాను. "పదో తరగతి చదివిన ఇల్లాలికి ఇంజనుతో ఏం పని?" అని మీరు నవ్వుకోవచ్చు. మొదట మా ఇంట్లోనూ నవ్వారు. కాని పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేసేది ఎవరు? మనమే. బండి కింద నల్లటి మరక అందరికంటే ముందు కనపడేది మన కంటికే. దాన్ని కడిగేసి ఊరుకోవడమా, కాసేపు నిలబడి చూడడమా అన్నది మన చేతిలో పని.

కారు లేనివాళ్లు కూడా కాస్త వినండి. మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కున ట్రాక్టరు లేని ఊరు అరుదు. ట్రాక్టరు, వరికోత మిషను, ఆటో, మోటారు సైకిలు, నీళ్లు తోడే డీజిల్ ఇంజను, అన్నిటి కడుపులోనూ ఆయిల్ ఉంటుంది. అది కారే తీరూ ఒకటే, వెతికే తీరూ దాదాపు ఒకటే.

ముందు ఆ ఆయిల్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజను లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటూ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. నడుమ సన్నటి ఆయిల్ పొర లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. ఇంజను అడుగున ఒక రేకు తొట్టి ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని చాంబరు అంటారు. అందులోని ఆయిల్‌ను ఒక పంపు పైదాకా తోడిపోస్తుంది, అది అన్ని భాగాలనూ తడిపి మళ్లీ కిందికి జారుతుంది. ఇంజను ఒకే ముద్ద కాదు కదా. మూతలు, తొట్లు, అతుకులు చాలా ఉంటాయి. ఆ అతుకుల నడుమ కార్కుతోనో, మందపు కాగితంతోనో, రబ్బరుతోనో చేసిన ప్యాకింగులు పెడతారు. తిరిగే ఇరుసు బయటికి వచ్చే చోట ఆయిల్ సీల్ అనే గుండ్రటి రబ్బరు ఉంటుంది. కారడం సాధారణంగా ఈ రెంటి దగ్గరే.

ఇక మా ఇంటి సంగతి. మా మామయ్య 1987లో ఒక అంబాసిడర్ కారు కొన్నారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనామీద కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు తయారుచేసిన బండి అది. 2014లో వాటి తయారీ ఆగిపోయింది. మాది మాత్రం అయిదేండ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ ఇప్పటికీ తిరుగుతోంది. నా పెళ్లయి అత్తవారింటికి వచ్చింది అందులోనే. నా ఇద్దరు పిల్లలను దవాఖానా నుంచి ఇంటికి తెచ్చిందీ అందులోనే. మామయ్యకు అది ఇంట్లో మరో కొడుకు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆ బండిని పెరట్లో రేకుల కింద పెట్టారు. ఎక్కడికీ పోయేది లేదు గనుక ఎండాకాలం, వానాకాలం అక్కడే ఉండిపోయింది. దసరాకు తీసి నడిపితే కారడం మొదలైంది. చుక్క కాదు, పొద్దున్నకల్లా పళ్లెమంత మరక. మొదటి షెడ్డులో చూసి, "టాపెట్ కవర్ ప్యాకింగు పోయింది" అని మార్చి, పన్నెండు వందలు తీసుకున్నారు. వారానికి మళ్లీ మరక. రెండో షెడ్డులో, "చాంబరు ప్యాకింగు, ముందర ఆయిల్ సీల్" అని అవి మార్చారు. నాలుగున్నర వేలు. పది రోజులకు మళ్లీ మరక, ఈసారి ఇంకా పెద్దది. మూడో షెడ్డాయన కిందకు వంగి చూసి, "వెనుక క్రాంకు దగ్గర కారుతోంది, ఇంజను దించాలె, పద్దెనిమిది వేలయితది" అన్నాడు. మా ఆయన విసిగిపోయారు. "ఇక దీన్ని తుక్కుకింద అమ్మేద్దాం నాయినా" అన్నారు. మామయ్య ఆ పూట అన్నం తినలేదు.

అట్లా తేలకుండానే 2021 జనవరి వచ్చింది. ఆదిలాబాద్‌లో మా ఆడబిడ్డ మనుమడికి తొట్టెల. మామయ్య ఆ బండిలోనే పోదామన్నారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా పోయి, సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి నిర్మల్ చేరాం. అంతవరకు బాగానే ఉంది. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే మాడిన నూనె వాసన మొదలైంది. బోనెట్ సందులోంచి పలుచగా పొగ. మలుపు తిరిగినప్పుడల్లా ఎర్రటి ఆయిల్ దీపం మిణుకుమనడం నేను చూశాను. మా ఆయన, "ఇంకెంత, నేరడిగొండ దాకా పోదాం, అక్కడ చూద్దాం" అన్నారు. వెనుక సీటులోంచి మామయ్య, "ఆపురా! ఆ దీపం వెలిగినంక నడిపితే ఇంజను ఉండదు" అని గట్టిగా అన్నారు. ఆపాం.

చల్లారినాక కడ్డీ తీసి చూస్తే కొసకు కూడా ఆయిల్ అంటలేదు. డిక్కీలో ఉన్న లీటరు డబ్బా మొత్తం పోస్తే కింది గీతకు వచ్చింది. ఎక్కుడులో, మలుపుల్లో మిగిలిన కాస్త ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపుకు అందడం లేదన్నమాట. దీపం చెప్పింది అదే. మరో రెండు మైళ్లు నడిపి ఉంటే బేరింగులు పట్టేసేవి. పొగ సంగతి ఇంకా ఘోరం. కారిన ఆయిల్ కాగే సైలెన్సరు గొట్టం మీద పడి మాడుతోంది. అట్లాంటి చోట నిప్పంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. లోపల ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరు పిల్లలు. అదంతా తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మెల్లగా ఆదిలాబాద్ చేరి, తొట్టెల అయినాక, మా ఆడబిడ్డ భర్త ఒక ముసలి ఉస్తాద్‌ను పిలిపించారు. నలభై ఏండ్లుగా లారీలు, అంబాసిడర్లు బాగుచేసిన మనిషి. ఆయన వచ్చి బండి కింద చూసి పానా తీయలేదు. "అమ్మా, బట్టలసబ్బు పొడి ఉన్నదా? పాత పేపర్లు ఉన్నయా?" అని నన్నడిగాడు. నాకు ఆశ్చర్యమైంది. మూడు షెడ్లలో ఎవరూ అడగనివి అవి. ఆ రెండు రోజులూ ఆయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే మీకు చెప్తున్నాను.

మొదటి పని, కారుతున్నది ఏమిటో తేల్చుకోవడం. బండి కింద పడే ప్రతి తడి ఇంజను ఆయిల్ కాదు. తెల్ల కాగితం పరిచి ఒక రాత్రి ఉంచండి. గోధుమరంగు, లేదా నలుపు, వేళ్ల నడుమ జారే జిడ్డు అయితే ఇంజను ఆయిల్. ఇంకా చిక్కగా, ఘాటైన గంధకం వాసన వస్తే గేరు ఆయిల్. ఆకుపచ్చగానో, ఎర్రగానో ఉండి నీళ్లలా పలుచగా ఉంటే రేడియేటరు నీళ్లు. అవి విషం, పిల్లలను, పశువులను దగ్గరికి రానీయకండి. చక్రాల దగ్గర పలుచగా, జారుగా తడి ఉంటే బ్రేకు ఆయిల్ కావచ్చు. అప్పుడు బండి కదల్చకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవాలి. ఏసీ వేసుకుని వచ్చిన కారు కింద శుభ్రమైన నీళ్ల చుక్కలు పడితే భయం లేదు, అది తేమ చల్లబడి నీరైనది.

రెండో పని, కడగడం. ఏండ్ల తరబడి పేరుకున్న మడ్డి మీద కొత్త చుక్క ఎక్కడ పుట్టిందో ఎవరు చెప్పగలరు? మసిపట్టిన గోడమీద బల్లి ఎటు పోయిందో వెతికినట్టే. ఉస్తాద్ ఇంజనును చల్లారనిచ్చి, డీజిలులో ముంచిన బ్రష్షుతో మడ్డి వదిలించి, సబ్బునీళ్లతో తోమి, బట్టతో తుడిచి ఆరబెట్టాడు. కరెంటు తీగెలున్న చోట, కార్బురేటరు దగ్గర నీళ్లు పడకుండా ప్లాస్టిక్ కవరు కట్టాడు. పెట్రోలుతో మాత్రం ఎప్పుడూ కడగకూడదు. దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది.

మూడో పని, పొడి చల్లడం. మా ఆడబిడ్డ మనుమడి కోసం తెచ్చిన పౌడరు డబ్బా ఉంది కదా, అది పట్టుకుపోయాడు. ఆరిన ఇంజను అతుకుల వెంబడి ఆ పౌడరు పలుచగా చల్లి, బండిని ఒక పావుగంట ఊళ్లో తిప్పి తెచ్చాడు. తెల్లటి పౌడరు మీద ఆయిల్ చేరిన చోట నల్లటి గీత పడింది. ఎంత సులువైన ఉపాయం! ఇప్పుడు పెద్ద షెడ్లలో ఆయిల్‌లో ఒక రంగు కలిపి, ప్రత్యేకమైన దీపం వెలుగులో అది మెరిసే చోటును చూస్తారు. మన పౌడరు డబ్బా చేసేదీ అదే పని.

నాలుగో పని, పైనుంచి చూడడం. ఇది అన్నిటికంటే ముఖ్యం. మన గూన ఇండ్లు గుర్తు తెచ్చుకోండి. వానాకాలంలో చుక్క వంటింట్లో పడుతుంది. పగిలిన గూన మాత్రం వంటింటిపైన ఉండదు. నీళ్లు వాసం వెంబడి నాలుగు మూరలు జారి వచ్చి, అక్కడ పడతాయి. ఇంజనులోనూ అంతే. ఆయిల్ కిందికి జారుతుంది. ముందర ఫ్యాను గాలికి, బండి వేగానికి వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని పైన ముందు మూల పుట్టిన చుక్క, కింద వెనుక మూల నేలమీద పడుతుంది. మూడో షెడ్డాయన చూసింది ఆ చివరి చుక్కనే. కాబట్టి తడిసిన చోట్లన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న తడిని పట్టుకోవాలి. దాన్ని బాగుచేసి, మళ్లీ కడిగి, మళ్లీ చూడాలి. ఒకేసారి నాలుగు భాగాలు మారిస్తే ఏది తప్పో ఎన్నటికీ తెలియదు.

మా బండిలో ఒక చిక్కు వచ్చింది. పౌడరు మీద గీత ఒకచోట కాదు, నాలుగుచోట్ల పడింది. టాపెట్ కవర్ దగ్గర, ఇంజను పక్క మూతల దగ్గర, ముందర కొత్తగా వేసిన సీల్ దగ్గర, వెనుక. నా గుండె జారిపోయింది. ఉస్తాద్ మాత్రం నవ్వాడు. "ఒక్కచోట కారితే ఆ చోటుది తప్పు. అన్నిచోట్ల ఒక్కసారే కారితే అన్నీ ఒక్కనాడే చెడిపోతయా అమ్మా? లోపల ఏదో తోస్తున్నది" అన్నాడు. ఇంజను నడుస్తుండగా పైన ఆయిల్ పోసే మూత తీశాడు. బుస్సుబుస్సుమని పొగ తన్నుకొచ్చింది. ఆ రంధ్రం మీద పలుచటి పాలిథిన్ సంచి ఒకటి పెట్టాడు. అది పూరీలా పొంగింది.

అది చూడగానే నాకు మన ప్రెషర్ కుక్కరు గుర్తొచ్చింది. ఈల బరువు కింద ఉండే సన్నటి గొట్టంలో పప్పు గింజ అడ్డంపడితే ఏమవుతుంది? ఆవిరి పోయే దారిలేక గాస్కెట్టు చుట్టూ బుసబుసమని చిమ్ముతుంది. అప్పుడు మనం కొత్త గాస్కెట్టు కొంటామా? కొన్నా అదీ చిమ్ముతుంది. గొట్టంలో పుల్ల పెట్టి గింజ తీస్తాం. ఆ మాట పైకే అనేశాను. ఉస్తాద్, "గదే! గట్లనే!" అన్నాడు.

అసలు సంగతి ఇది. ఇంజనులో పెట్రోలు మండినప్పుడు పుట్టిన వాయువు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉన్న చోటికి దిగుతుంది. కొత్త ఇంజనులోనూ కాస్త దిగుతుంది. అది బయటికి పోవడానికి ఒక గొట్టం పెడతారు, దాన్ని బ్రీదర్ అంటారు. మా బండిలో అది ఇంజను పక్క మూత నుంచి నేలవైపుకు వంగి, నోరు తెరిచి ఉంటుంది. ఉస్తాద్ కింద పడుకుని ఆ గొట్టంలోకి ఇనుప తీగె దూర్చి తిప్పాడు. టపుక్కున ఎర్రమట్టి గడ్డ ఒకటి రాలింది. దాని వెనుక మరొకటి. కుమ్మరి పురుగు గూడు! నెలల తరబడి బండి కదలకుండా ఉంటే, ఆ గొట్టం దానికి అనువైన ఇల్లయింది. గొట్టం పై భాగంలో మిగిలిన సందును నల్లటి మడ్డి మూసేసింది. లోపలి గాలి పోవడానికి దారిలేక ప్రతి అతుకునూ తోస్తోంది. కొత్త ప్యాకింగులు వేసినా అవి ఆగలేదంటే అందుకే. పన్నెండు వందలు, నాలుగున్నర వేలు పెట్టింది కుక్కరు గొట్టంలో గింజ ఉంచి గాస్కెట్లు మార్చడానికన్నమాట.

గొట్టం శుభ్రంచేసి మళ్లీ పాలిథిన్ సంచి పెడితే అది పొంగలేదు. మళ్లీ కడిగి, పౌడరు చల్లి, తిప్పి తెచ్చాడు. నాలుగు గీతల్లో రెండు పూర్తిగా మాయం. వెనుక కొద్దిపాటి చెమ్మ. టాపెట్ కవర్ దగ్గర మాత్రం ఇంకా కారుతోంది. అది విప్పి చూస్తే, కారడం ఆగాలని ఎవరో బోల్టులు విపరీతంగా బిగించారు. కార్కు ప్యాకింగు నలిగి పక్కకు పొడుచుకొచ్చింది, మూత అంచు వంగింది. ఆయన ఆ అంచును చెక్కమీద పెట్టి మెల్లగా తట్టి సాపుచేసి, కొత్త కార్కు వేసి, చేతి బలంతో బిగించి వదిలేశాడు. "కార్కును నొక్కాలె గాని పిసకొద్దు" అన్నాడు. ఘాట్ మీద పొగ తెప్పించింది ఈ కవర్ దగ్గర కారిన ఆయిలే. దాని కిందనే సైలెన్సరుకు పోయే వేడి గొట్టం ఉంది.

మరి వెనుక చెమ్మ? అది తప్పు కాదట. ఈ పాత ఇంజనులో క్రాంకు వెనుక చివర రబ్బరు సీల్ ఉండదు. మరచుట్టులాంటి గాడి ఒకటి చెక్కి ఉంటుంది. క్రాంకు తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ను లోపలికి తోసేస్తుంది. బండి ఆపినాక ఒకటి రెండు చుక్కలు జారుతాయి. అవి లోపల నిలవకుండా పడిపోవడానికి అడుగున ఒక రంధ్రం, అందులో ఒక పిన్ను కూడా తయారీలోనే పెట్టారు. లోపల గాలి తోపు ఉన్నప్పుడు ఆ గాడి ఓడిపోయి ధార కట్టింది. తోపు పోగానే మళ్లీ చుక్కకు వచ్చింది. మేము పద్దెనిమిది వేలు పెట్టి ఇంజను దించి ఉంటే, ఆ పురుగు గూడు అట్లాగే ఉండేది, ఆయిల్ కారడమూ అట్లాగే ఉండేది.

ఇంకో మాట. గొట్టం శుభ్రంగా ఉన్నా సంచి పొంగుతూనే ఉంటే, అప్పుడు పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. అది పెద్ద ఖర్చు. కాని ఖర్చులేని గొట్టం చూడకుండా ఆ మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఇప్పటి కార్లలో ఈ గాలి నేలమీదికి పోదు, ఒక చిన్న వాల్వు, గొట్టం ద్వారా మళ్లీ ఇంజనులోకే పోయి మండిపోతుంది. ఆ వాల్వు మూసుకుపోయినా జరిగేది ఇదే కథ.

మన ప్రాంతపు వాతావరణం గురించి కూడా చెప్పాలి. ఆదిలాబాద్ చలి మీకు తెలియనిది కాదు, కొన్ని ఏండ్లు అయిదు డిగ్రీల కిందికి పోతుంది. ఎండాకాలంలో రామగుండం దిక్కున నలభై అయిదు దాటుతుంది. రబ్బరు ఎండకు ఎండి గట్టిపడుతుంది, చలికి బిగుసుకుంటుంది. బిగుసుకున్న రబ్బరు సందును వెంటనే నింపలేదు. ఇది చిన్న సంగతి కాదు. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకండ్లకు ముక్కలై ఏడుగురు చనిపోయారు. రాకెట్టు అతుకులోని రబ్బరు రింగు ఆనాటి చలికి బిగుసుకుని సందు మూయలేకపోవడమే మూలమని విచారణలో తేలింది. ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను నొక్కి పట్టి, మంచునీళ్ల గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే పూర్వపు ఆకారానికి రావడం లేదని అందరికీ చూపించాడు. మన బండి రాకెట్టు కాదు. కాని చలికాలం పొద్దున కారి, వేడెక్కినాక ఆగిపోయే ఆయిల్ కనిపిస్తే, గట్టిపడిన సీల్‌ను అనుమానించండి.

కొత్త రకం కార్లున్న అక్కలు అడగవచ్చు, మా బండిలో ఎక్కడ చూడాలని. పైన వాల్వు కవర్ ప్యాకింగు మొదటిది. తర్వాత ఆయిల్ దీపానికి కబురు పంపే చిన్న స్విచ్చి, బొటనవేలంత ఉంటుంది, అక్కడినుంచి కారేది చాలామంది కనిపెట్టరు. మూడోది ఆయిల్ ఫిల్టరు. కొత్తది బిగించేటప్పుడు పాత దాని రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోతే, రెండు రింగుల నడుమనుంచి ఆయిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది. ఆయిల్ మార్పించినప్పుడు పాత ఫిల్టరుకు రింగు ఉందా అని అడిగి చూడండి. నాలుగోది అడుగున ఆయిల్ వదిలే బిరడా, దాని వాషరు. ఆ వాషరు ఖరీదు చాలా తక్కువ, అయినా పాతదే మళ్లీ వేస్తుంటారు. కొత్తది వేయమని చెప్పండి.

కింద చుక్క లేకుండానే కడ్డీలో ఆయిల్ తగ్గుతుంటే, పొగగొట్టం చూడండి. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ లోపలే మండిపోతోంది. కడ్డీమీదో, మూత లోపలో మజ్జిగలాంటి తెల్లటి నురుగు చాలా కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని చూపించాలి. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి మూత లోపల కాస్త నురుగు కట్టడం మామూలే.

చేయకూడనివి నాలుగు చెప్పి ముగిస్తాను. కారుతోందని బోల్టులు పిసికినట్లు బిగించకండి. తగ్గుతుందేమోనని పై గీత దాటి ఆయిల్ పోయకండి, ఎక్కువైతే నురగకట్టి తోపు పెరుగుతుంది. చాలా కార్లలో కడ్డీమీది రెండు గీతల నడుమ దూరం దాదాపు ఒక లీటరు, అది గుర్తుంచుకుని కొద్దికొద్దిగా పోయండి. జాకీ మీద మాత్రమే ఎత్తిన బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి. చివరిది మన ఆడవాళ్లకే: బోనెట్ తెరిచిన ఇంజను దగ్గరికి పోతే కొంగు నడుముకు దోపుకోండి, జడ ముడి వేసుకోండి. ఇప్పటి కార్లలో ఇంజను ఆపినాక కూడా ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు.

కారిన ఆయిల్‌ను, మార్చిన పాత ఆయిల్‌ను మోరీలో పోయకండి, పెరట్లో పోయకండి. అది మన బాయినీళ్లలోకే దిగుతుంది. డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు చేరేట్టు షెడ్డులో ఇవ్వండి.

మేము ఆ బండిలోనే తిరిగి కరీంనగర్ వచ్చాం. ఘాట్ దిగుతుంటే మామయ్య కిటికీ తెరిచి గాలి వాసన చూస్తూ కూర్చున్నారు. మాడు వాసన లేదు. ఉస్తాద్ రెండు రోజుల పనికి అడిగింది ఎనిమిది వందలు. మా ఆయన చేతిలో రెండు వేలు పెడితే, సగం తిరిగిచ్చేశాడు. బండిని అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ గొట్టం నోటికి సన్నటి జాలి గుడ్డలాంటి ఇనుపజాలి కట్టించాం, గాలి పోతుంది, పురుగు దూరదు. ఆరు నెలలకోసారి దాన్ని విప్పి కడిగే పని నాది.

ఇప్పటికీ పొద్దున్నే వాకిట్లో బండి వెనుక భాగం కింద రెండు చుక్కలు ఉంటాయి. మా అత్తమ్మ అక్కడ ఒక పాత పళ్లెం పెట్టింది. నేను సాన్పి చల్లడానికి ముందు ఆ పళ్లెంలోకి ఒకసారి తొంగిచూస్తాను. రెండు చుక్కలే ఉంటే ముగ్గు వేసుకుంటాను. మూడోది కనిపించిన నాడు మాత్రం సబ్బుపొడి, పౌడరు డబ్బా బయటికి వస్తాయి.

రేపు పొద్దున మీరూ మీ బండి కింద ఒకసారి చూడండి. ఉంటాను, సెలవు.